నాలుగేళ్ల తర్వాతి మార్కెట్

అందరికీ నమస్కారం. ఇంజనీరింగ్ సీట్ల కోసం కాలేజీలు, బ్రాంచిలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లు మొదలయ్యాయంటే నాకొచ్చే ఫోన్లన్నీ ఒకటే తీరు. "సార్, మావాడికి మంచి కాలేజీలో సివిల్ వస్తుంది. ఊరవతల కొత్త కాలేజీలోనైతే డేటా సైన్స్ వస్తుందట. ఏది ముందు పెట్టమంటారు?" నేను నోరు తెరిచేలోపే "సివిల్‌కు ఉద్యోగాలెక్కడున్నాయి లెండి" అని వాళ్లే తేల్చేస్తారు.

అది ఇవాళ్టి మాట. మీవాడు ఉద్యోగం వెతుక్కునేది నాలుగేళ్ల తర్వాత.

గుంటూరు మిర్చి రైతుకు ఇది కొత్త కాదు. ఓ ఏడు ధర పలికితే పై ఏడు అందరూ మిర్చే వేస్తారు, సరుకు యార్డుకు చేరేసరికి ధర పడిపోతుంది. ఇంజనీర్ల చదువులోనూ ఇదే జరుగుతోందని 1970ల్లోనే అమెరికా ఆర్థికవేత్త రిచర్డ్ ఫ్రీమన్ లెక్కలు కట్టి చూపించాడు.

మన దగ్గరే చూడండి. 1998లో హైదరాబాద్‌లో ఐటీ కంపెనీల కోసం సైబర్ టవర్స్ తెరిచారు. ఓపక్క 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పు చదవకుండా సరిచేసే వైటూకే పనులు, ఇంకోపక్క అమెరికా వీసాలు. ఆ ఊపులో కంప్యూటర్స్‌లో చేరినవాళ్లు బయటికొచ్చేసరికి ఇంటర్నెట్ కంపెనీల మీద ఉబ్బిన డాట్‌కామ్ బుడగ పేలిపోయింది. అది చూసి జడిసి వేరే బ్రాంచిలకు వెళ్లినవాళ్లను 2006 ప్రాంతంలో అవే ఐటీ కంపెనీలు బ్రాంచి కూడా అడక్కుండా తీసుకున్నాయి. ఇక మొన్నటి సంగతి. కోవిడ్ తర్వాత 2021లో కంపెనీలు ఎగబడి ఉద్యోగాలిచ్చాయి. ఆ ఏడు సీఎస్ఈలో, అంటే కంప్యూటర్ సైన్స్‌లో, చేరిన పిల్లలు 2025లో పట్టా పుచ్చుకున్నారు. ఆ జూలైలోనే టీసీఎస్ 12,000 మందిని తగ్గించుకుంటామంది. సెప్టెంబరులో అమెరికా అక్కడ ఉద్యోగానికిచ్చే హెచ్1బీ వీసా కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము పెట్టింది.

అయితే అంతా మార్కెట్టే నడిపిస్తుందనుకోకండి. 2008లో అమెరికా బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలింది, 2009 జనవరిలో మన ఐటీ కంపెనీ సత్యం దొంగలెక్కల బండారం బయటపడింది. మామూలు లెక్కన అడ్మిషన్లు తగ్గాలి. కానీ ఫీజు రీయింబర్స్‌మెంట్ అప్పుడే అందివచ్చింది. ఎన్నో ఇళ్లల్లో మొదటి ఇంజనీరు ఆ డబ్బుతోనే తయారయ్యాడు, నేను దాన్ని తప్పుపట్టను. కాకపోతే దాని వెనకే కాలేజీలు పుట్టుకొచ్చి ఉమ్మడి రాష్ట్రంలో 700 దాటాయి. కొన్నేళ్లకు సీట్లు మిగిలిపోవడం మొదలైంది. దేశమంతటా అదే పరిస్థితి కావడంతో కాలేజీలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ వేసిన బి.వి.ఆర్. మోహన్ రెడ్డి కమిటీ కొత్త కాలేజీలు వద్దంది. 2020 నుంచి ఏఐసీటీఈ వాటిని ఆపింది, మళ్లీ 2023లో గేట్లు ఎత్తేసింది. ఆ మరుసటి ఏడాది బాగా నడిచే కాలేజీల్లో బ్రాంచికి ఇన్నే సీట్లన్న పరిమితి కూడా తీసేసింది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది కాలేజీ లోపలి సంగతి. రైతు పై ఏడు పంట మార్చుకుంటాడు. మూసేసిన డిపార్ట్‌మెంటు అలా తిరిగి రాదు. మెకానికల్ వర్క్‌షాపులో లేత్ మిషన్లకు కవర్లు కప్పి, పక్క గదిలో కంప్యూటర్లు వేశారు. నిన్నటిదాకా థర్మోడైనమిక్స్ చెప్పిన సారు రాత్రిపూట వీడియోలు చూసి పొద్దున పైథాన్ చెబుతున్నాడు. ఉద్యోగం నిలవాలి కదా మరి! సీఎస్ఈలో ఇంకో చిక్కుంది. మార్కెట్ బాగుంటే సీట్లు పెరుగుతాయి, సరిగ్గా అప్పుడే బాగా చెప్పే లెక్చరర్ కంపెనీకి వెళ్లిపోతాడు. పిల్లలు ఎక్కువగా ఉన్న రోజుల్లోనే చెప్పేవాళ్లు తక్కువ.

సీఎస్ఈ వద్దని నేననను. ఇష్టమున్నవాడు నిక్షేపంగా చేరొచ్చు. కానీ బ్రాంచి పేరు పక్కన బ్రాకెట్లో ఏఐ అని ఉందా, సైబర్ సెక్యూరిటీ అని ఉందా అన్నదాన్ని పట్టుకుని నలభై కిలోమీటర్ల అవతలి కాలేజీకి పరుగెత్తకండి. మొదటి ఏడాది చదివేది దాదాపు అదే, చాలాచోట్ల చెప్పేదీ ఆ సార్లే.

ఆప్షన్లు పెట్టే ముందు ఒక్కపూట కాలేజీకి వెళ్లండి. ఆ బ్రాంచిలో రెగ్యులర్ లెక్చరర్లు ఎంతమందో అడగండి. ల్యాబ్ తలుపు తీయించి చూడండి. ప్లేస్‌మెంట్ బోర్డు మీద పెద్ద ప్యాకేజీ ఫొటోను వదిలేసి, నిరుడు పాసైనవాళ్లలో ఎంతమంది నిజంగా ఉద్యోగంలో చేరారో అడగండి. ఆఫర్ల సంఖ్య చెబితే ఒప్పుకోకండి. ఒకే అబ్బాయికి మూడు ఆఫర్లొస్తే బోర్డు మీద అవి మూడుగానే పడతాయి.

ఇక మీ ప్రశ్నలు.