కీ లేకుండా రహస్యం పంపడం ఎలా?

నమస్కారం అండీ. ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. ఈరోజు పాస్‌వర్డ్ లేకుండా, ముందే మాట్లాడుకున్న కీ (సందేశాన్ని దాచి, తెరిచే రహస్య సంఖ్య) లేకుండా ఒక రహస్యం పంపిద్దాం.

మీరు మీ చెల్లికి "అవును" అనో "కాదు" అనో చెప్పాలి. అవును అంటే 1, కాదు అంటే 0. చెల్లికి లైను శుభ్రంగా ఉంది. ఇంకొకడు చాటుగా వింటున్నాడు, కానీ వాడి లైన్లో గరగర ఉంది. సగటున పది బిట్లలో (అంటే పంపే 0, 1 అంకెల్లో) ఒకటి వాడికి తారుమారుగా వినిపిస్తుంది. మీరు 1ని ఉన్నదున్నట్టు పంపితే నూటికి 90 సార్లు వాడికి దొరికిపోతారు.

ఇప్పుడు రాయండి. 0 కోసం: 000, 011, 101, 110. 1 కోసం: 001, 010, 100, 111. పై వరుసలో ఒకట్లు సరి సంఖ్యలో ఉన్నాయి, కింది వరుసలో బేసి. మీ జవాబు ఏ వరుసలో ఉందో చూసి, అందులోంచి చీటీ తీసినట్టు ఒకటి పంపండి. 101 అందిందా? రెండు ఒకట్లు, సరి. చెల్లికి "కాదు" అని అర్థమైపోయింది.

వాడికి మాత్రం ఒక్క బిట్టు తప్పినా సరి కాస్తా బేసి అవుతుంది. మూడు బిట్లకే వాడి ఊహ నూటికి 76 సార్లకు పడిపోతుంది. ఇలాగే పది బిట్లు వాడితే 55. ఇరవైకి 51 కూడా ఉండదు, బొమ్మా బొరుసా వేసుకున్నట్టే!

చీటీ తీయడం మానకండి. ఎప్పుడూ 000, 111 మాత్రమే పంపితే, ఎక్కువసార్లు వచ్చిన అంకె చూసుకుని వాడు 97 సార్లు పట్టేస్తాడు.

ఈ ఆలోచన అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలలో ఆరన్ వైనర్ 1975లో ప్రచురించిన పరిశోధనలోది. నాకు ఎంతో ఇష్టమైన ఫలితం ఇది. పూర్తి రహస్యం కావాలంటే సందేశమంత పొడవు కీ ఉండాలని 1949లో సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన క్లాడ్ షానన్ చూపించారు. అయితే అక్కడ వినేవాడికీ అంతా స్పష్టంగానే అందుతుంది. వైనర్ అయితే ఆ వినేవాడి లైన్లో గరగర (నాయిస్) పెట్టి చూశారు. మనం ఒక్క బిట్టు కోసం ఇరవై ఖర్చుపెట్టాం కదా, పొడవైన కోడ్‌లతో అయితే ఇదే లైను మీద పంపే ప్రతి నూరు బిట్లకు దాదాపు 47 రహస్య బిట్లు పంపవచ్చని ఆయన సిద్ధాంతం చెబుతుంది!

ఒక ఇబ్బంది ఉంది. వాడి లైను మనకన్నా అధ్వాన్నంగా ఉందని ముందే తెలియాలి. వాడు పెద్ద యాంటెన్నా పెట్టుకుంటే లెక్క తప్పుతుంది. అందుకే మీ ఫోన్లో ఎన్‌క్రిప్షన్ అలాగే ఉండనివ్వండి.

ఇప్పుడు మీకో లెక్క. చెల్లి లైన్లో కూడా నూటికి ఒక బిట్టు తప్పుతోందనుకోండి. మన ఇరవై బిట్ల పద్ధతిలో ఆమెకే నూటికి దాదాపు 17 సార్లు తప్పు జవాబు వస్తుంది. ఎలాగో వేసి చూడండి. వచ్చే వీడియోలో ఆ తప్పులు దిద్దే కోడ్‌ని, ఈ దాచే కోడ్‌ని ఒకే దాంట్లో కలుపుదాం.