కొడవలికి పట్టిన రాగి: ఆక్సీకరణం ఎక్కడుంది, క్షయకరణం ఎక్కడుంది?

(తెర మీద: ప్లాస్టిక్ డ్రమ్ములో లేత నీలం రంగు మందు. అందులోంచి పైకి తీస్తున్న కొడవలి.)

నమస్కారం అండీ. పొన్నూరు దగ్గర మాకు కొంచెం తమలపాకు తోట ఉండేది. వానలు మొదలైతే చాలు, తీగ మొదట్లో కుళ్లకుండా మా నాన్న బోర్డో మిశ్రమం కలిపేవాడు. వంద లీటర్ల నీళ్లకి కిలో మైలుతుత్తం, కిలో సున్నం. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్, ఆ నీలం పలుకులు. అదొక తొట్టిలో, సున్నం ఇంకో తొట్టిలో విడిగా కలుపుకొని, తర్వాత రెండూ ఒకటి చేసి, చివర్న కొడవలిని శుభ్రంగా రుద్ది ఒక నిమిషం ఆ మందులో ముంచి తీసేవాడు. కొడవలి అంచు మీద ఎర్రటి పూత కనిపిస్తే, "ఇంకొంచెం సున్నం పడాల్రా" అని మళ్లీ కలిపేవాడు. పూత పట్టకపోతే మందు సిద్ధమైనట్టు. ఒకసారి నేను ఇనుప బకెట్టు పట్టుకొస్తే కేకలేశాడు, "ఇనుప దాంట్లో కలపకూడదురా, బకెట్టూ పోద్ది, మందూ పాడవుద్ది" అని.

ఆ ఎర్రటి పూత ఏంటో నాకు అప్పుడు తెలీదు. అది రాగి, అచ్చమైన రాగి లోహం. నీళ్లలో కంటికి కనపడకుండా నీలంగా కరిగి ఉన్న రాగి, ఇనుము తగలగానే లోహమై బయటికొచ్చి కొడవలికి అంటుకుంది. పదో తరగతిలో ఆక్సీకరణం, క్షయకరణం అని మనం బట్టీ పట్టిన పాఠమంతా ఆ కొడవలి అంచు మీదే ఉంది.

పాఠంలో ముందు ఏం చెప్తారు? ఆక్సిజన్ కలిస్తే ఆక్సీకరణం, ఆక్సిజన్ పోతే క్షయకరణం. తప్పు కాదు, కానీ అది పాత నిర్వచనం. ఇప్పటి నిర్వచనం ప్రకారం ఎలక్ట్రాన్లు ఇస్తే ఆక్సీకరణం, పుచ్చుకుంటే క్షయకరణం. గాల్లోని ఆక్సిజన్‌తో కలవడమే మండటం అని ఫ్రాన్స్‌లో లావోయిజర్ తేల్చింది 1770లలో. ఎలక్ట్రాన్ అనేది ఒకటుందని జె.జె. థామ్సన్ కనిపెట్టింది 1897లో. అంటే పేరు పుట్టిన వందేళ్లకి పైగా గడిచాక గానీ లోపల నిజంగా ఏం జరుగుతుందో తెలుసుకునే దారి దొరకలేదు. అందుకే పేరులో ఆక్సిజన్ అలా ఉండిపోయింది. పిల్లలు ప్రతి చర్యలోనూ ఆక్సిజన్ కోసం వెతికి, దొరక్కపోతే టెన్షన్ పడతారు.

మన కొడవలి దగ్గర చూడండి, ఆక్సిజన్ చెయ్యే పెట్టలేదు. ఇనుము పరమాణువు తన దగ్గరున్న రెండు ఎలక్ట్రాన్లు వదిలేసి నీళ్లలోకి కరిగిపోయింది. నీళ్లలో ఉన్న రాగి అయాను, అంటే రెండు ఎలక్ట్రాన్లు తక్కువైన రాగి పరమాణువు, ఆ రెంటినీ అందుకొని లోహమైంది. ఇచ్చింది ఇనుము, కాబట్టి ఇనుము ఆక్సీకరణం చెందింది. పుచ్చుకుంది రాగి, కాబట్టి రాగి క్షయకరణం చెందింది. ఇంతే అండీ. ఇచ్చేవాడు ఉంటేనే పుచ్చుకునేవాడు ఉంటాడు, అందుకే ఈ రెండు చర్యలూ ఎప్పుడూ జంటగానే జరుగుతాయి, ఒక్కటే జరగడం అన్నది లేదు. నాన్న సున్నం ఎందుకు పోసేవాడో కూడా ఇప్పుడు తెలుస్తుంది. సరిపడా సున్నం పడితే రాగి అంతా దాంతో కలిసి కరగని రూపంలోకి పోతుంది, కొడవలి దగ్గర ఎలక్ట్రాన్లు పుచ్చుకోవడానికి విడి రాగి మిగలదు. విడిగా మిగిలితే అది ఆకుల్ని మాడ్చేస్తుంది. కొడవలి చేసింది ఒక లాబ్ టెస్టు. (మైలుతుత్తం విషం, ఇంట్లో ఎవరైనా ఈ ప్రయోగం చేస్తే వంట గిన్నెలు వాడకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.)

ఇక్కడ తెలుగు మీడియంలో చదివినవాళ్లకి ఒక చిక్కు ఉంది, నేను చాలా రోజులు దాంట్లో కొట్టుకున్నాను. తుప్పు పట్టడాన్ని పుస్తకంలో లోహక్షయం అంటారు. క్షయం అనే మాట చూసి అది క్షయకరణమే అనుకుంటాం. కానీ లోహక్షయంలో లోహానికి జరిగేది ఆక్సీకరణం! ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటోంది కదా మరి. క్షయకరణం అన్న పేరు వేరే వైపు నుంచి వచ్చింది. ఇనుప ఖనిజాన్ని బొగ్గుతో కాలిస్తే, బొగ్గు అందులోని ఆక్సిజన్‌ని లాక్కుపోయి ఇనుము మిగులుతుంది, బరువు తగ్గుతుంది. వంద కిలోల స్వచ్ఛమైన ఐరన్ ఆక్సైడ్‌లో ఇనుము డెబ్బై కిలోలే. ఆ తగ్గడమే క్షయం. ఇది ఎవరైనా నాకు స్కూల్లో ఒక్క ముక్క చెప్పి ఉంటే బావుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

(తెర మీద: బాగా తోమిన ఇనుప అట్లపెనం, నడుమ ఒకే ఒక్క ఉప్పునీటి బొట్టు.)

ఇప్పుడు తుప్పు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి కదా. నీళ్లు దిగాక బీరువాల అడుగులు, గేట్ల కింది భాగాలు, బండ్ల చెయిన్లు ఎలా అయ్యాయో చూసినవాళ్లకి తెలుసు. నీళ్లు తగిలితే తుప్పు పడుతుందని అందరికీ తెలుసు, కానీ ఎలా పడుతుందో చూడాలంటే ఈ ఒక్క బొట్టు చాలు.

నూనె జిడ్డు లేకుండా తోమిన పెనం మీద ఉప్పునీటి బొట్టు వేశాను. దాన్ని కదపకుండా వదిలేసి, కాసేపాగి దగ్గరగా చూడండి. తుప్పు బొట్టంతా ఒకేలా రాలేదు, గుండ్రంగా వలయంలా వస్తోంది. ఎందుకంటే బొట్టు అంచు దగ్గర నీళ్లు పలచగా ఉంటాయి, గాల్లోని ఆక్సిజన్ అక్కడికి తేలిగ్గా చేరుతుంది. నడిమధ్య నీళ్లు మందంగా ఉంటాయి, అక్కడికి అంతగా చేరదు. దాంతో నడుమ ఉన్న ఇనుము ఎలక్ట్రాన్లు వదిలి కరుగుతుంది, ఆ ఎలక్ట్రాన్లు పెనం లోహంలోంచే అంచు దాకా పరిగెత్తి అక్కడి ఆక్సిజన్‌కి, నీటికి అందుతాయి. కరిగిన ఇనుము, అంచున తయారైనది దారిలో కలుసుకున్న చోట తుప్పు పేరుకుంటుంది. అంటే తినేది ఒక చోట, కనిపించేది ఇంకో చోట. ఉప్పు నీళ్లయితే అయాన్లు తేలిగ్గా తిరుగుతాయి కాబట్టి పని ఇంకా చకచకా అవుతుంది. ఇలా రోజుల తరబడి సాగితే బొట్టు నడుమ గుంట పడుతుంది. బీరువాకి పెయింటు లేచిపోయిన చోట తుడిచేసి, హమ్మయ్య అనుకుంటాం గానీ, నష్టం పెయింటు కిందే నడుస్తూ ఉంటుంది. పైగా తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే పెయింటు బుడగల్లా పైకి లేస్తుంది. అమ్మమ్మలు పెనానికి నూనె రాసి పెట్టింది ఆ బొట్టు ఇనుముకి తగలకుండానే.

జీఐ పైపులు, జింకు రేకుల సంగతీ ఇదే, రెండూ ఇనుము మీద జింకు పూత పూసినవే. ఇనుము కన్నా జింకుకి ఎలక్ట్రాన్లు వదిలే స్వభావం ఎక్కువ. పూత మీద గీత పడి లోపలి ఇనుము బయటపడినా, చుట్టూ ఉన్న జింకు ముందు తన ఎలక్ట్రాన్లు ఇచ్చి ఇనుముని కాపాడుతుంది. ఎలక్ట్రాన్లు పుచ్చుకునే స్వభావాన్ని వోల్టుల్లో కొలుస్తారు, దాన్ని ప్రామాణిక ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ అంటారు. ఆ లెక్కల్లో చెప్పాలంటే జింకుకి మైనస్ 0.76 వోల్టులు, ఇనుముకి మైనస్ 0.44, రాగికి ప్లస్ 0.34. ఈ అంకె తక్కువున్నవాడు ఎక్కువున్నవాడికి ఇస్తాడు. కొడవలి మీద రాగి ఎందుకు పట్టిందో ఈ మూడు అంకెల్లోనే ఉంది.

ఆ పెనం మీది బొట్టు నిజానికి ఒక చిన్న బ్యాటరీ. తేడా ఏమిటంటే, అక్కడ ఎలక్ట్రాన్లు మనకి పనికిరాకుండా లోహంలోనే తిరిగిపోయాయి. ఇచ్చేవాడినీ పుచ్చుకునేవాడినీ విడదీసి కూర్చోబెట్టి, ఎలక్ట్రాన్లని వైరు గుండా రమ్మంటే అదే ఇన్వర్టర్ బ్యాటరీ. అందులో సీసం పలక ఇస్తుంది, లెడ్ డయాక్సైడ్ పలక పుచ్చుకుంటుంది, రెండూ చివరికి లెడ్ సల్ఫేట్ అవుతాయి, ఆ క్రమంలో యాసిడ్ ఖర్చవుతుంది. అందుకే బ్యాటరీ మెకానిక్ యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ ముంచి "గ్రావిటీ పడిపోయిందండీ" అంటాడు. బ్యాటరీలోని ఒక్కో అరకి (సెల్లుకి) రెండు వోల్టుల చిల్లర, ఆరు అరలు కలిపితే 12 వోల్టులు. చార్జింగ్ పెట్టడమంటే బయటి నుంచి తోసి ఎలక్ట్రాన్లని వెనక్కి పంపడం. ఫోన్లో లిథియం, పద్ధతి వేరు, సూత్రం ఇదే.

(తెర మీద: నల్లబడ్డ వెండి పట్టీలు, అల్యూమినియం ఫాయిల్ పరిచిన గిన్నె.)

ఇది ఇంట్లో చేసి చూడండి. గిన్నెలో ఫాయిల్ పరిచి, పట్టీలు దాన్ని తాకేలా పెట్టి, వంట సోడా వేసి, బాగా కాగిన నీళ్లు పోయండి. రాళ్లు పొదిగినవి మాత్రం వద్దు. కొద్ది నిమిషాల్లో నలుపు పోతుంది, కుళ్లిన గుడ్డు వాసన కొంచెం వస్తుంది. ఆ నలుపు సిల్వర్ సల్ఫైడ్, గాల్లోని గంధకం వాయువులతో వెండి కలిసి ఏర్పడింది. ఇప్పుడు అల్యూమినియం ఎలక్ట్రాన్లు ఇచ్చింది, సల్ఫైడ్‌లో చిక్కుకున్న వెండి వాటిని పుచ్చుకొని మళ్లీ వెండిగా పట్టీ మీదే నిలిచింది. గరుకు పొడితో రుద్దితే ఆ నలుపుతో పాటు అందులోని వెండి కూడా పోతుంది, ఇక్కడ చాలా వరకు వెనక్కి వస్తుంది.

రాగి చెంబుని చింతపండుతో తోమితే మెరుస్తుంది కదా, అదీ క్షయకరణమే అని చాలా వీడియోల్లో చెప్తున్నారు. కాదండీ. చింతపండులోని ఆమ్లం ఆ పైపొరని కరిగించి తీసేస్తుంది అంతే, అక్కడ ఎలక్ట్రాన్లు చేతులు మారవు. అలాంటి చోట ఆగి "ఎవరిచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు" అని అడిగితే చాలు, తప్పు దొరికిపోతుంది.

వంటింట్లో మాత్రం అసలైనవి బోలెడున్నాయి. వంకాయ కోస్తే నల్లబడటం అందులోని ఎంజైములు గాలితో కలిసి చేసే ఆక్సీకరణమే, అందుకే ఉప్పునీళ్లలో వేస్తాం. పాత నూనె ముక్కిపోవడమూ అదే. గుంటూరు మిరపకాయ ఎరుపు కూడా వెలుతురుకీ వేడికీ గాలికీ ఆక్సీకరణం చెంది వెలిసిపోతుంది, కోల్డ్ స్టోరేజీలో పెట్టి కాపాడుకునే వాటిలో ఆ రంగూ ఒకటి. మా తమలపాకు తీగ చేసేది దీనికి పెద్ద రూపం, ఎండని వాడుకొని నీటి నుంచి ఎలక్ట్రాన్లు తీసి కార్బన్ డయాక్సైడ్‌కి ఇచ్చి చక్కెర కడుతుంది. మనం పీల్చే ఆక్సిజన్ అలా ఆక్సీకరణం చెందిన నీటిలోంచి వచ్చిందే.

(తెర మీద: రాత్రి పూట రైలు పట్టా, మూసలోకి కారుతున్న తెల్లటి వెలుగు.)

చివరగా నాకు బాగా ఇష్టమైనది. విజయవాడ జంక్షన్ నుంచి బయల్దేరిన రైల్లో కూర్చుంటే టకటక చప్పుడు ఇప్పుడు పెద్దగా వినపడదు, పట్టాలు ఒకదానికొకటి అతికి ఉంటాయి. లైను మీద అతకడానికి రైల్వే వాళ్లు ఏటీ (అల్యూమినో థర్మిక్) వెల్డింగ్ అనేది చేస్తారు. పట్టాల చివర్ల చుట్టూ మూస కట్టి, పైన పాత్రలో ఐరన్ ఆక్సైడ్, అల్యూమినియం పొడి కలిపి అంటిస్తారు. 1895లో జర్మనీకి చెందిన హాన్స్ గోల్డ్‌స్మిత్ పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. వేడి రెండు వేల డిగ్రీలు దాటుతుంది, కొన్ని సెకన్లలోనే కరిగిన ఇనుము తెల్లగా మండుతూ మూసలోకి దిగి రెండు పట్టాల్నీ ఒకటి చేస్తుంది. ఇచ్చింది అల్యూమినియం. పుచ్చుకుంది ఆక్సైడ్‌లోని ఇనుము, అంటే మన బీరువా అడుగున తుప్పులో ఉన్నలాంటి ఇనుమే. చల్లారాక గ్రైండింగ్ చేస్తారు, ఆ తర్వాత దాని మీదుగా రైలు వెళ్తుంది.