నవంబర్ 2, ఒక గంట ముందే చర్చికి

హాయ్ అండీ, అందరూ బాగున్నారా. ఈ వీడియోలో మీకు ఎక్కువగా ఆకులే కనిపిస్తాయి, ముందే చెప్పేస్తున్నా. ఎందుకంటే నేను మాట్లాడేది చర్చి గురించి, లోపల ప్రార్థన జరుగుతుంటే కెమెరా పట్టుకుని తిరగడం నాకు నచ్చదు, పైగా అందులో వేరేవాళ్ళ పిల్లలు ఉంటారు. అందుకని బయట తీసిన ఆకులు, పాత సమాధులు, మా కారు అద్దం మీద పడిన వాన, అంతే. పాప స్కూల్‌కి వెళ్ళాక వంటింట్లో కూర్చుని ఇప్పుడు వాయిస్ చెప్తున్నా, వెనకాల కుక్కర్ విజిల్ వినిపిస్తే ఏమీ అనుకోకండి.

మేముండేది కనెక్టికట్‌లో, హార్ట్‌ఫర్డ్ దగ్గర ఒక చిన్న ఊళ్ళో. హార్ట్‌ఫర్డ్ అంటే ఇన్సూరెన్స్ కంపెనీల ఊరు, మా ఆయన కూడా వాటిలో ఒకదాని ప్రాజెక్ట్ మీదే వచ్చారు. ఇక్కడ మనవాళ్ళు బాగానే ఉన్నారు, బతుకమ్మలు, దీపావళి పార్టీలు అన్నీ అవుతాయి. కానీ ఆదివారం పొద్దున మేం వెళ్ళేది ఎపిస్కోపల్ చర్చికి, అక్కడ తెలుగువాళ్ళం మేం ముగ్గురమే. అదేం చర్చి అని చాలామంది అడిగారు. ఇంగ్లండ్ ఆంగ్లికన్ చర్చికి ఇది అమెరికా శాఖ అనుకోండి. అమెరికాకి స్వతంత్రం వచ్చాక ఈ కనెక్టికట్ వాళ్ళు సామ్యూల్ సీబరీ అనే ఆయన్ని బిషప్‌గా ఎంచుకుని లండన్ పంపిస్తే, అక్కడ రాజుకి విధేయుణ్ణి అని ప్రమాణం చేయాలన్నారట. కొత్త దేశపు మనిషి ఆ ప్రమాణం ఎలా చేస్తాడు? దాంతో ఆయన స్కాట్లండ్ వెళ్ళి, 1784 నవంబర్ 14న ఆబర్డీన్‌లో అభిషేకం చేయించుకుని వచ్చాడు. అమెరికాకి మొదటి ఎపిస్కోపల్ బిషప్ ఆయనే. మన సిఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏమో 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో పుట్టింది, ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఇంకొందరు కలిసి. అంటే ఈ రెండు చర్చిలూ చుట్టాలే, పెదనాన్న పిల్లలు చిన్నాన్న పిల్లల్లాగా.

నేను పుట్టింది ఖమ్మం వైపు, మాది డోర్నకల్ డయోసిస్, అంటే డోర్నకల్ బిషప్ కింద ఉండే ప్రాంతం. మా తాత ఊళ్ళల్లో తిరిగే ఉపదేశి. మొదటి రోజు ఇక్కడి ప్రీస్ట్ మీరు ఎక్కడివాళ్ళు అని అడిగితే, ఎలాగూ అర్థం కాదులే అని "హైదరాబాద్ దగ్గర" అన్నాను. ఆవిడ వదల్లేదు, దగ్గర అంటే ఎక్కడ అంది. డోర్నకల్ అనగానే "ఓ, అజరయ్య!" అంది చూడండి, నాకు నోట మాట రాలేదు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య, 1912లో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయిన ఆయన, డోర్నకల్‌లో ఆ గుడిలాంటి, మసీదులాంటి పెద్ద కెథడ్రల్ కట్టించిన ఆయన. జనవరి 2 మా క్యాలెండర్‌లో ఆయన రోజు అని ఆవిడ చెప్పింది. కాజీపేట, విజయవాడ మధ్య రైలు ఆగే జంక్షన్ అని తప్ప మన వాళ్ళలోనే చాలామందికి డోర్నకల్ తెలీదు, ఈవిడకి తెలుసు!

ఆవిడ అన్నాను కదా, ఇక్కడ నాకో చిక్కొచ్చి పడింది. మన దగ్గర పాస్టర్‌ని అయ్యగారు అంటాం, ఆయన భార్యని అమ్మగారు అంటాం. మరి పాస్టరే ఆడమనిషి అయితే? అమ్మగారు అందామంటే భార్య అన్నట్టు ఉంటుంది, అయ్యగారు అందామంటే నవ్వొస్తుంది, ఇక వాళ్ళాయన్ని ఏమనాలి? మా అమ్మతో ఫోన్లో ఈ ముక్క అంటే ఆమె అరగంట ఆలోచించింది. అలాగని మనవాళ్ళకి ఇది కొత్త కూడా కాదు. ఎపిస్కోపల్ వాళ్ళు ఆడవాళ్ళని ప్రీస్టులుగా ఒప్పుకున్నది 1976లో, పక్క రాష్ట్రం మసాచుసెట్స్‌లో 1989లో బార్బరా హారిస్ మొత్తం ఆంగ్లికన్ లోకంలోనే మొదటి మహిళా బిషప్ అయింది, మన నంద్యాలకి 2013లో పుష్పలలిత గారు వచ్చారు, సిఎస్ఐలో మొదటి మహిళా బిషప్. అయినా పిలుపు దగ్గర ఇప్పటికీ తడబడతాం. ఇక్కడ అందరూ ఆవిణ్ణి పేరు పెట్టి పిలుస్తారు. నాకు నోరు రాదు, "రెవరెండ్" అని నసిగి ఊరుకుంటా.

సరే, ఫాల్ అంటే ఇక్కడి ఆకులు రాలే కాలం, ఆ సంగతికి వద్దాం. మన దగ్గర ఆకులు రాలేది శిశిరంలో, సంక్రాంతి దాటాక. ఇక్కడ అక్టోబర్‌లోనే మొదలు. ఎర్రగా మండిపోతున్నవి మేపుల్ చెట్లు, చివరిదాకా గోధుమరంగు ఆకులు పట్టుకుని మొండికేసేవి ఓక్ చెట్లు. ఇదే టైంలో మా ఊళ్ళో పత్తి తీస్తుంటారు, ఆ తెలుపు చూసి పెరిగిన కళ్ళకి ఈ ఎరుపు మొదటి ఏడాది పిచ్చెక్కించింది, వెయ్యి ఫోటోలు తీశా. రెండో ఏడాదికి తెలిసిందేంటంటే ఈ అందం మొత్తం కింద పడుతుంది, ఎవరో ఒకరు ఊడవాలి.

చర్చి ఆవరణ ఊడ్చేది మేమే. ఒక శనివారం పొద్దున అందరూ వస్తారు, పళ్ళున్న పెద్ద చీపుళ్ళలాంటి రేక్‌లు, టార్పాలిన్ పట్టాలు, థర్మాస్‌లో కాఫీ. డెబ్బై దాటిన వాళ్ళే సగం మంది. నేను నడుం పట్టుకుని నిలబడితే, తుంటి ఆపరేషన్ అయిన పెద్దాయన పట్టా నిండా ఆకులు లాక్కెళ్తున్నాడు, సిగ్గేసింది. చర్చి వెనక పాత సమాధులు ఉన్నాయి. ఇప్పుడు మీరు చూస్తున్నవి అవే. ఆ ఎర్రటి రాయి ఇక్కడికి దగ్గర్లో పోర్ట్‌లాండ్ అనే ఊరి గనులది, ఈ చుట్టుపక్కల పాత సమాధులు చాలావాటికి అదే రాయి. పైన రెక్కలున్న ముఖాలు చెక్కి ఉంటాయి. కానీ ఆ రాయికో జబ్బుంది, పొరలు పొరలుగా ఊడిపోతుంది. కొన్నిటి మీద మొహం మిగిలింది, పేరు పోయింది. కొన్నిటి మీద పుట్టిన సంవత్సరం పోయి చనిపోయిన సంవత్సరం మాత్రం ఉంది. మా పాప ఒక దాని దగ్గర కూర్చుని, ఆకులు తీసేసి వేలితో అక్షరాలు వెతుకుతుంటే ఈ ఒక్క ముక్క మాత్రం వీడియో తీసుకున్నా.

అంతకుముందు, అక్టోబర్ మొదటి ఆదివారం, జంతువులకి దీవెన. అక్టోబర్ 4 అసీసీ ఫ్రాన్సిస్ రోజు కదా, ఆయనకి పశుపక్ష్యాదులంటే ప్రాణం. కుక్కలు, బోనుల్లో పిల్లులు, ఒకావిడ చంకలో కోడి! ప్రీస్ట్ ఒక్కోదాని తల మీద చెయ్యి పెట్టి పేరు అడిగి మరీ దీవిస్తోంది. మన దగ్గర కోత పండుగకి కోడిని తెస్తే ఏం చేస్తాం? ప్రార్థన అవ్వగానే వేలం పాట, పాడుకున్నవాళ్ళింట్లో సాయంత్రానికి కూర. ఇక్కడ కోడి దీవెన తీసుకుని కారులో ఇంటికెళ్ళింది. పెంపుడు జంతువు లేదని మా పాప తన బొమ్మ ఏనుగుని తీసుకెళ్తే దానికీ దీవెన దొరికింది, ఇప్పుడు దాన్ని వాషింగ్ మెషీన్‌లో వేయనివ్వడం లేదు.

ఇంకోటి, సూప్ రాత్రి. తలా ఒక సూప్ తేవాలన్నారు. నేను పప్పుచారు చేశా, మునక్కాయ వేద్దామనుకుని, తీరా అది నమలాలో మింగాలో చెప్తూ కూర్చోవాలి కదా అని మానేశా. అన్నం లేకుండా, కప్పుల్లో పోసుకుని, బ్రెడ్ ముంచుకుని తాగేశారండీ! గిన్నె ఖాళీ. మా ఆయన మాత్రం ఇంటికొచ్చి అన్నం వండుకున్నారు.

ఇదే నెలలో డబ్బుల మాట కూడా వస్తుంది. వచ్చే ఏడాది ఎంత ఇస్తారో ఒక కార్డు మీద రాసి ఇవ్వాలి, ప్లెడ్జ్ అంటారు. వెస్ట్రీ అంటే చర్చి వ్యవహారాలు చూసే మన పాస్టరేట్ కమిటీ లాంటిది అనుకోండి, అందులో ఒకాయన లేచి హీటింగ్ ఆయిల్‌కి ఇంత, పైకప్పుకి ఇంత అని దాపరికం లేకుండా చదివేశాడు. నిజం చెప్తున్నా, నాకు ఈ కార్డు పద్ధతి ఇంకా ఒంటబట్టలేదు. కానుక సంచిలో గుప్పిట మూసి వేసేవాళ్ళం మేము, అంకె రాసి సంతకం పెట్టాలంటే ఇన్సూరెన్స్ పాలసీ తీసుకుంటున్నట్టు ఉంటుంది.

కానీ నీలం పెట్టె మాత్రం మొదటి చూపులోనే నాకు మావాళ్ళదే అనిపించింది. చిన్న అట్టపెట్టె, ప్రతి ఇంట్లో ఉంచుకుంటారు, ఏదైనా మంచి జరిగితే దేవుడికి థాంక్స్ చెప్పి అందులో చిల్లర వేస్తారు, నిండాక తెచ్చి ఇస్తారు, మా చర్చిలో అది ఫాల్‌లోనే. 1889లో ఇక్కడి ఆడవాళ్ళు మొదలుపెట్టిన పద్ధతి, ఆ మొదటిసారి పోగైన రెండు వేల డాలర్ల పైచిలుకుతో అలాస్కాలో ఒక చర్చి కట్టించి, జపాన్‌కి ఒక మిషనరీని పంపారట. మా నాయనమ్మ అన్నం వండే ముందు ప్రతిపూటా గుప్పెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ చర్చికి. ఇంట్లో బియ్యం తక్కువున్న రోజుల్లో కూడా గుప్పెడు తగ్గేది కాదు, మాకు ముద్ద తగ్గేది. అప్పుడు కోపం వచ్చేది నాకు. ఇప్పుడు మా ఫ్రిజ్ మీద నీలం పెట్టె ఉంది, పాప స్కూల్ బస్ మిస్ కాకపోతే కూడా పావలా డాలర్ వేస్తుంది.

నాయనమ్మ పోయి రెండేళ్ళు. నేను వెళ్ళలేదు. వెళ్తే తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్ డేట్లు లేవు, అప్పటికి పాపకి నాలుగేళ్ళు. ఫోన్లో చూశాను మట్టి వేయడం. అంతకంటే చెప్పను.

నవంబర్ 1 సకల పరిశుద్ధుల రోజు, 2 చనిపోయిన వాళ్ళందరి రోజు. మన దగ్గర సమాధుల పండుగ అంటాం కదా, గడ్డి పీకి, సున్నం వేసి, బంతిపూలు, కొవ్వొత్తులు, సాయంత్రం అయ్యేసరికి సమాధుల తోట మొత్తం తిరునాళ్ళలాగా వెలిగిపోతుంది, పిల్లలు మైనం ఉండలు చేసుకుంటూ ఉంటారు. ఇక్కడ అంత సందడి లేదు. చర్చి వెనక బల్ల మీద ఒక కాగితం పెడతారు, మీ వాళ్ళ పేర్లు రాయండి, ఆదివారం చదువుతాం అని. నాయనమ్మ పేరు ఇంగ్లీషులో రాసి వచ్చాను. శుక్రవారం సాయంత్రం ఫోన్. పేర్లు చదివే పెద్దావిడ. ఎనభై దాటి ఉంటాయి. "మీ గ్రాండ్‌మదర్ పేరు ఎలా పలకాలో నేర్పుతావా, తప్పు చదవకూడదు" అంది. నాయనమ్మ పేరు మధ్యలో ఒక 'ణ' ఉంది. నాలుక మడిచి పైకి పెట్టాలండీ అని నేను చెప్పడం, ఆవిడ అటువైపు నాలుక మడవడం, ఇద్దరం నవ్వడం, మళ్ళీ మొదటికి రావడం. ఓ ఎనిమిదిసార్లు అన్నాం. పొయ్యి మీద పోపు మాడిపోయింది.

ఈసారి నవంబర్ 2 ఆదివారమే పడింది, దానికి తోడు అదే తెల్లవారుజామున, ఇక్కడ చలికాలానికి గడియారం గంట వెనక్కి తిప్పే రోజు. ఫోన్లు వాటంతటవే మారతాయి, మా వంటింటి గోడ గడియారం మారదు, కారులోదీ మారదు. ఆ రెండిటినే నమ్ముకుని హడావిడిగా తయారై పరిగెత్తితే పార్కింగ్ ఖాళీ. ఒక గంట ముందొచ్చాం! లోపల ఇద్దరు ఆడవాళ్ళు బల్ల మీది పచ్చ గుడ్డ తీసేసి తెల్లది పరుస్తున్నారు, ముడత లేకుండా, ఒక్కో అంచూ పట్టుకుని. మమ్మల్ని చూసి ఒకావిడ గడియారం చూపించి నవ్వి, పాప చేతికి సన్న కొవ్వొత్తుల కట్ట ఇచ్చింది. ఇసుక పోసిన పళ్ళేల పక్కన వాటిని పేర్చాలి. పాప ఒక్కోటి పెడుతూ, అమ్మమ్మ వీడియోలో సమాధి మీద పెట్టింది కదా, మనం ఇసుకలో ఎందుకు పెడతాం అంది. అప్పటికే ఖమ్మంలో రాత్రి ఏడున్నర దాటింది, అమ్మ సాయంత్రమే వీడియో పంపింది, నాయనమ్మ సమాధికి కొత్త సున్నం, గాలికి ఆరిపోతున్న కొవ్వొత్తిని ఎవరిదో చెయ్యి అడ్డం పెట్టి కాస్తోంది.

ఆరాధన మధ్యలో పేర్లు మొదలయ్యాయి. పెద్దావిడ కర్ర పక్కన పెట్టి, రెండు చేతులతో కాగితం పట్టుకుని, ఒక్కో పేరు చదివి కాసేపు ఆగుతోంది. అన్నీ వాళ్ళ పేర్లే. మాది వచ్చేముందు ఆవిడ ఒక్కసారి తలెత్తి మేం కూర్చున్న వైపు చూసింది, ఊపిరి తీసుకుంది, చదివింది. అంత ప్రాక్టీస్ చేసి కూడా 'ణ' రాలేదు, 'న' వచ్చింది. మా పాప గట్టిగా "తప్పు" అనబోతే నోరు మూశాను. వెళ్ళి కొవ్వొత్తి వెలిగించి ఇసుకలో గుచ్చి వచ్చాం.

మర్నాడు ఫోన్లో అమ్మకి ఇదంతా చెప్పాను, పాపం ఆవిడ ఎంత నేర్చుకున్నా చివరికి 'న' అనేసింది అని. అమ్మ నవ్వింది. "ఆ బడికిపోయిన ణ నీ సర్టిఫికెట్లలోనే ఉందే, ఊళ్ళో ఎవరు పలికిండ్రు? బావి కాడ అందరూ అట్లనే పిలిచేది. మీ తాతయ్య కూడా అట్లనే పిలిచేటోళ్ళు" అంది.