బల్లరాట్‌లో ఒక రోజు: వీధి, జెండా, ఆ తరువాతే బంగారం

వ్యాఖ్యాత: నమస్కారం. మెల్‌బోర్న్ నుంచి ఉదయం బయలుదేరి రాత్రికి ఇల్లు చేరగలిగిన ఊళ్ళ గురించి మాట్లాడుకుంటున్న మన కార్యక్రమంలో ఈసారి బల్లరాట్ వంతు. మెల్‌బోర్న్‌కు పడమరగా సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ నగరం మన తెలుగు కుటుంబాలకు కొత్తదేమీ కాదు. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు వారిని సావరిన్ హిల్‌కు తీసుకువెళ్ళడం చాలా ఇళ్ళలో ఉన్నదే. మెల్‌బోర్న్‌లో చరిత్ర బోధించే ఒక ఉపాధ్యాయిని ఈరోజు మనతో ఉన్నారు. మేడమ్, నమస్కారం.

అతిథి: నమస్కారమండి. మీరన్న సావరిన్ హిల్ నాకు ఎంతో ఇష్టమైన చోటు. అయినా అక్కడ మొదలుపెట్టి అక్కడే ముగించి తిరిగివస్తే బల్లరాట్‌ను సగమే చూసినట్టని నా గట్టి అభిప్రాయం. అది 1850ల నాటి గనుల ఊరిని తిరిగి నిర్మించి చూపించే మ్యూజియం, 1970లో తెరిచారు. బంగారంతో నిజంగా కట్టిన ఊరు, ఆ బంగారం తవ్వినవాళ్ళు తమ హక్కుల కోసం ఎత్తిన జెండా, ఈ రెండూ దాని బయట ఉన్నాయి. అందుకే ముందు వీధి, తరువాత జెండా, చివర సావరిన్ హిల్ అనే వరుసలో తిరగమని అడిగినవారందరికీ చెబుతాను.

వ్యాఖ్యాత: ప్రయాణం సంగతి చెప్పండి. కారు లేనివారికి వీలవుతుందా?

అతిథి: చక్కగా వీలవుతుంది. మెల్‌బోర్న్ సదరన్ క్రాస్ స్టేషన్‌లో వి/లైన్ (V/Line) అనే ప్రాంతీయ రైలు ఎక్కితే సుమారు గంటన్నరలో బల్లరాట్‌లో దిగుతారు. ప్రాంతీయ రైళ్ళలో ఒక రోజుకు చెల్లించే ఛార్జీ నగరంలోని రోజువారీ ఛార్జీని మించకూడదని 2023 మార్చి 31 నుంచి నియమం పెట్టారు కాబట్టి కుటుంబమంతా వెళ్ళినా భారం కాదు. స్టేషన్ లిడియార్డ్ వీధి మీదే ఉంది గనుక దిగినచోటు నుంచే చూడటం మొదలవుతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం: ఆ ఊరు మెల్‌బోర్న్ కంటే ఎత్తున, చల్లగా ఉంటుంది. పెద్దవాళ్ళు వెంట ఉంటే ఎండ కాస్తున్నా సరే స్వెటర్లు తీసుకువెళ్ళాలి.

వ్యాఖ్యాత: లిడియార్డ్ వీధిలో ఏమి చూడాలి?

అతిథి: ముందుగా ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళమంటాను. 1884లో ఏర్పడిన ఈ సంస్థ ఆస్ట్రేలియాలోని ప్రాంతీయ గ్యాలరీలన్నిటిలోకీ పాతది, దాని శాశ్వత సేకరణను చూడటానికి టికెట్టు లేదు. అక్కడ యూజీన్ వాన్ గెరార్డ్ వేసిన ఒక చిత్రం ఉంది. 1853–54 వేసవిలో బల్లరాట్ ఎలా ఉండేదో అందులో కనిపిస్తుంది: కొండవాలు మీద గుడారాలు, తవ్విపోసిన మట్టి, మిగిలిన కొన్ని చెట్లు. ఆ చిత్రకారుడు స్వయంగా ఆ రోజుల్లో అక్కడ బంగారం తవ్వినవాడే. చిత్రాన్ని మాత్రం మూడు దశాబ్దాల తరువాత, 1884లో వేశాడు. దాన్ని తీరిగ్గా చూసి బయటికి వచ్చి, క్రెయిగ్స్ రాయల్ హోటల్, 1875 నాటి హర్ మెజెస్టీస్ థియేటర్ నిలిచిన ఆ వీధిని చూస్తే, గుడారాల ఊరు ఒక్క తరంలో ఇంత నగరంగా ఎలా మారిందన్న ఆశ్చర్యం తప్పదు. అయితే ఆ చిత్రంలోని నేల అంతకుముందు వేల ఏళ్ళుగా అక్కడి ఆదివాసులైన వాదవురుంగ్ ప్రజలది. బంగారం కోసం వచ్చిన జనసందోహం వారి భూమిని తలకిందులు చేసిందన్న విషయాన్ని ఈ అందమైన భవనాల ముందు నిలబడినప్పుడు మరవకూడదు.

వ్యాఖ్యాత: బంగారు గని అనగానే మనవాళ్ళకు కోలారు గుర్తుకువస్తుంది. అక్కడ తెలుగు కార్మికులు కూడా పనిచేశారు కదా.

అతిథి: అవునండి, ఆ పోలిక పెట్టి చూస్తే బల్లరాట్ ప్రత్యేకత బాగా తెలుస్తుంది. కోలారులో బ్రిటిష్ కంపెనీ గని నడిపింది, కార్మికులు కూలికి దిగారు. బల్లరాట్‌లో 1851లో బంగారం బయటపడినప్పుడు కంపెనీలు లేవు. పలుగూ పారా పట్టుకుని వచ్చిన ప్రతి మనిషీ కొద్ది అడుగుల నేలను తన పేరిట గుర్తించుకుని తానే తవ్వుకున్నాడు. కంపెనీలు, లోతైన పెద్ద గనులు తరువాత వచ్చాయి. ఆ తవ్వుకునే హక్కు కోసం ప్రభుత్వానికి నెలకు 30 షిల్లింగులు లైసెన్సు రుసుము కట్టాలి. బంగారం దొరికినా, దొరకకపోయినా కట్టవలసిందే.

వ్యాఖ్యాత: ఆ రుసుము మిగతా గనుల ఊళ్ళలోనూ ఉండేది కదా. తిరుగుబాటు బల్లరాట్‌లోనే ఎందుకు జరిగింది?

అతిథి: కారణం నేలలోనే ఉంది. మొదట్లో పైపైన దొరికిన బంగారం త్వరగానే అయిపోయింది. మిగిలినది ఎప్పుడో పూడిపోయిన పాత నదీగర్భాలలో, చాలా లోతున ఉంది. అక్కడికి చేరాలంటే కొందరు జట్టుగా చేరి, నీరు తోడుకుంటూ, గోడలు కూలకుండా కర్రలు బిగించుకుంటూ నెలల తరబడి బావిలాగా తవ్వుకుపోవాలి. ఆ నెలలన్నిటిలో పైసా రాబడి లేదు, లైసెన్సు మాత్రం కట్టాలి. 1854లో గవర్నర్‌గా వచ్చిన హోథమ్ వారానికి రెండుసార్లు లైసెన్సుల తనిఖీ చేయమని ఆదేశించాడు. నూతి అడుగున ఉన్న మనిషి పని ఆపి, పైకి ఎక్కివచ్చి, బురద చేతులతో కాగితం చూపించాలి, చూపలేకపోతే అరెస్టు. ఇంత పన్ను కడుతున్న వీళ్ళకు ఓటు హక్కు లేదు. ఆ ఏడాది అక్టోబరులో జేమ్స్ స్కోబీ అనే గని కార్మికుడు హత్యకు గురైతే, నిందితుడైన హోటల్ యజమాని బెంట్లీని మొదటి విచారణలో వదిలిపెట్టారు. ఆగ్రహించిన జనం అతని హోటల్‌ను తగలబెట్టారు. నవంబరులో బల్లరాట్ రిఫార్మ్ లీగ్ ఏర్పడి ఓటు హక్కును కోరింది. ఆ నెల 29న బేకరీ హిల్ మీద సదరన్ క్రాస్ జెండా ఎత్తి, లైసెన్సులను కాల్చివేశారు. మరునాడు ఐరిష్‌వాడైన పీటర్ లేలర్ నాయకత్వంలో, ఒకరికొకరు అండగా నిలుస్తామని ఆ జెండా కింద ప్రమాణం చేశారు.

వ్యాఖ్యాత: ఆ తరువాతదే యురేకా పోరాటం.

అతిథి: అవును. 1854 డిసెంబరు 3, ఆదివారం తెల్లవారుజామున సైనికులు, పోలీసులు కలిసి యురేకా అనే చోట తవ్వకందారులు రక్షణకోసం కర్రలతో కట్టుకున్న కంచె మీద దాడిచేశారు. పోరాటం అరగంటైనా సాగలేదు. తవ్వకందారులలో కనీసం 22 మంది చనిపోయారు, సైనికులలోనూ కొందరు ప్రాణాలు కోల్పోయారు. లేలర్ ఒక చేయి పోగొట్టుకున్నాడు. కానీ రాజద్రోహం మోపి మెల్‌బోర్న్‌లో విచారించిన 13 మందిని 1855లో జ్యూరీలు నిర్దోషులని తేల్చాయి. వారిలో మొదట విచారణను ఎదుర్కొన్నది జాన్ జోసెఫ్ అనే ఆఫ్రికన్ అమెరికన్. ఆ ఏడే నెలసరి లైసెన్సును రద్దుచేసి, ఏడాదికి ఒక పౌండు చెల్లించే మైనర్స్ రైట్ పత్రాన్ని తెచ్చారు. దానితోపాటు ఓటు హక్కూ వచ్చింది. లేలర్ తరువాత విక్టోరియా శాసనసభకు స్పీకరయ్యాడు. చేతిని పోగొట్టుకుని దాక్కున్న మనిషి అదే రాష్ట్ర సభాపతి కావడం ప్రపంచ చరిత్రలో అరుదైన ఘట్టమని నేను నమ్ముతాను.

వ్యాఖ్యాత: ఆ జెండా ఇప్పటికీ ఉందా?

అతిథి: ఉంది, అసలుదే ఉంది. పోరాటం జరిగిన ప్రాంతంలో కట్టిన యురేకా సెంటర్‌లో, వెలుతురు బాగా తగ్గించిన గదిలో ఉంచారు. నీలిరంగు గుడ్డ మీద తెల్లని శిలువ, ఐదు నక్షత్రాలు. జాన్ కింగ్ అనే పోలీసు ఆ రోజు దాన్ని దించి తీసుకువెళ్ళగా, అతని కుటుంబం 1895లో గ్యాలరీకి అప్పగించింది. జ్ఞాపకంగా జనం ముక్కలు కత్తిరించుకుపోయినందువల్ల ఒక పక్కన చాలా భాగం లేదు. పిల్లలకు పైన చెప్పిన లైసెన్సు కథను ముందే వినిపించి తీసుకువెళ్ళండి. అది తెలియకపోతే పాత గుడ్డను చూసి రెండు నిమిషాలలో బయటికి వచ్చేస్తారు.

వ్యాఖ్యాత: ఇక మధ్యాహ్నం సావరిన్ హిల్‌కు వెళ్ళవచ్చన్నమాట.

అతిథి: ఒంటిగంటకల్లా చేరితే సాయంత్రం మూసే వరకు చాలినంత సమయం ఉంటుంది. తెరిచే రోజులు మాత్రం ముందే చూసుకోవాలి. వాగులో పళ్ళెంతో ఇసుక కడిగితే దొరికిన బంగారు నలుసులు మీవే. బంగారం కరిగించి పోసే ప్రదర్శన, రెడ్ హిల్ గని తప్పక చూడండి. 1858లో బేకరీ హిల్‌లో దొరికిన, దాదాపు 69 కిలోల వెల్‌కమ్ నగెట్ అనే బంగారు ముద్ద కథను ఆ గనిలో చెబుతారు. అన్నిటికంటే చైనీయుల శిబిరం దగ్గర కొంతసేపు ఆగమని వలస వచ్చిన మనవాళ్ళను ప్రత్యేకంగా కోరతాను. విక్టోరియా రేవుల్లో దిగే ప్రతి చైనీయుడి మీద 10 పౌండ్ల పన్ను వేస్తూ 1855లో చట్టం చేశారు. దాన్ని తప్పించుకోవడానికి వేలమంది దక్షిణ ఆస్ట్రేలియాలోని రోబ్ రేవులో దిగి, అక్కడి నుంచి వందల కిలోమీటర్లు నడిచి ఈ గనులకు చేరారు. యురేకాలో గెలిచిన హక్కులు వారి దాకా రాలేదు. ఆ రెండు కథలనూ ఒకే రోజున తెలుసుకోవడం అవసరమని నా ఉద్దేశం.

వ్యాఖ్యాత: కారులో వెళ్ళేవారికి ఇంకేమైనా చెబుతారా?

అతిథి: వెండూరీ చెరువు దగ్గర భోజనం చేయవచ్చు, 1956 ఒలింపిక్స్ పడవ పందేలు జరిగింది అక్కడే. పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళితే కూర్చుని తినడానికి ఒడ్డున చోటుకు కొదవలేదు. ఎదురుగానే బొటానికల్ గార్డెన్స్ ఉన్నాయి, మార్చిలో బెగోనియా పూలు చూడదగ్గవి. ఊరికి పడమరన మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళిన బల్లరాట్ వారి కోసం మనిషికొక చెట్టు చొప్పున 3,771 చెట్లు నాటిన 22 కిలోమీటర్ల రహదారి ఉంది. లూకాస్ దుస్తుల ఫ్యాక్టరీలో పనిచేసిన స్త్రీలు 1917లో ఆ పనికి పూనుకున్నారు.

వ్యాఖ్యాత: ఒకవేళ సగం రోజే దొరికితే దేన్ని వదులుకోవాలి?

అతిథి: చెరువును వదులుకోండి, సావరిన్ హిల్‌ను కూడా మరోసారికి ఉంచుకోండి. స్టేషన్ నుంచి లిడియార్డ్ వీధి, గ్యాలరీ, అక్కడి నుంచి టాక్సీలో యురేకా సెంటర్. ఈ మూడింటికీ మూడు గంటలు చాలు.

వ్యాఖ్యాత: ఎంతో వివరంగా చెప్పారు మేడమ్, ధన్యవాదాలు. శ్రోతలందరికీ నమస్కారం.