నెల జీతం నుంచి పంట పైసలకు

శ్రోతలకు నమస్కారం.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో మా బాపు ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తోలేవాడు. అక్కడ కొందరు రైతులు ఎంత ధర పలికితే అంతకు ఆ రోజే అమ్ముకొని పోయేవాళ్లు. మరికొందరు బస్తాలను కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ధర కోసం ఆగేవాళ్లు. ఇద్దరి మిర్చీ ఒకటే. ఆగగలిగిన వాళ్ల ఇంట్లో నాలుగు నెలలు గడవడానికి పైసలు ఉండేవి. ఉద్యోగం మానేసి సొంతంగా పని మొదలుపెట్టాకే ఆ సంగతి నాకు పూర్తిగా అర్థమైంది.

హైదరాబాద్‌లో ఒక కంపెనీలో భవనాలకు స్ట్రక్చరల్ డ్రాయింగులు వేసేవాణ్ని. మానేసి హనుమకొండ వచ్చి, నయీంనగర్‌లో ఇంటి పై గదిలో కంప్యూటర్ పెట్టుకున్నాను. చేతిలో రెండు నెలల ఖర్చే ఉంది. మూడో నెలలో ఒక బిల్డర్ సగం ఫీజుకు చేయమంటే ఒప్పుకున్నాను. ఆ సగం కూడా ఐదు నెలలకు వచ్చింది. ఫోన్ చేసి అడగాలంటే మొహమాటం. ఈలోగా అమ్మ బంగారం బ్యాంకులో పెట్టాం. అందుకే ఎవరైనా ఉద్యోగం మానేస్తానంటే, ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టారా అని ముందు అడుగుతాను. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి, సొంత పాలసీ కూడా ముందే తీసుకోవాలి.

ఫీజు విషయంలోనూ తప్పు చేశాను. జీతం 40 వేలు కదా, రోజుకు 1,300 చాలనుకున్నాను. నెలలో పైసలొచ్చే పని జరిగేది 15 రోజులే. మిగతాదంతా పని వెతకడం, సైట్లు చూడటం, బిల్లుల కోసం తిరగడం. కరెంటు, సాఫ్ట్‌వేర్, జ్వరమొచ్చి పడుకున్న రోజు, అన్నీ మన ఖాతాలోనే. రోజుకు 3 వేలకు తగ్గితే పాత జీతం కూడా చేతికి రాదు.

ఇప్పుడు మూడో వంతు అడ్వాన్స్ పడ్డాకే పని మొదలుపెడతాను. చిన్న సంస్థల నమోదు కోసం ప్రభుత్వం నడిపే ఉద్యం పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకున్నాను. మీరూ పని ఒప్పుకోకముందే చేసుకోండి. చిన్న సంస్థల కోసం 2006లో వచ్చిన చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులో రాసుకున్న గడువులోగా బిల్లు చెల్లించాలి. ఆ గడువు ఎట్టి పరిస్థితిలో 45 రోజులు మించకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. ప్రతి బిల్లు కింద ఈ మాట రాస్తున్నాను. మొహమాటపడేవాళ్లకు ఇది పెద్ద అండ, నా తరఫున కాగితమే అడుగుతుంది. సేవలకైతే మామూలుగా ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. కంపెనీలు టీడీఎస్, అంటే ఫీజులోంచి ముందే కోసే ఆదాయపు పన్ను, పట్టుకుంటే రిటర్నులో చూపించుకోవాలి.

మా ఇంట్లో వడ్లు గుమ్మిలో పోసేవాళ్లు. ఎంత బాగా పండిన ఏడాదైనా అమ్మ నెలకు ఇన్నని కొలిచే తీసేది. నేనూ అదే చేస్తున్నాను. ఫీజులన్నీ ఒక ఖాతాలో పడతాయి. ఒకటో తారీఖున అందులోంచి 35 వేలు ఇంటి ఖాతాకు పంపుతాను. లక్ష వచ్చిన నెలా అంతే, ఏమీ రాని నెలా అంతే. మిగిలింది గుమ్మిలోనే ఉంటుంది.

నమస్కారం.