పొట్టలో రైస్ మిల్లు

అందరికీ నమస్కారం. మాసూళ్ళ రోజుల్లో కూడా వీలు చేసుకుని ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం.

లోపలికి వస్తుంటే గుమ్మం దగ్గర ఒక పెద్దాయన ఆపారు. "డాక్టరు గారూ, నేను రివటలా ఉంటానండి. నాకు షుగరొచ్చిందేంటండి?" అన్నారు. ఈ డెల్టాలో నేను రోజూ వినే ప్రశ్నే ఇది. ముందు దానికే జవాబు చెబుతాను.

2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫొటో వేశారు. పుణె డాక్టరు యాజ్ఞిక్ గారు, ఇంగ్లండ్ డాక్టరు యుడ్కిన్ గారు పక్కపక్కన నిలబడి ఉంటారు. ఎత్తుకి తగ్గ బరువు లెక్క, అదే బీఎంఐ, ఇద్దరికీ 22.3. అయితే ఒంట్లో కొవ్వు కొలిస్తే ఆ ఇంగ్లండ్ ఆయనకి 9.1 శాతం, మన యాజ్ఞిక్ గారికి 21.2 శాతం వచ్చింది. కాళ్ళూ చేతులూ సన్నగా ఉండి, కొవ్వు పొట్టలో చేరడం మనవాళ్ళలో ఎక్కువ. షుగరుకి దారి తీసే ఆ కొవ్వుని కాటా ముల్లు పట్టుకోలేదు.

కొవ్వంటే గాదె లాంటిదని, మిగిలింది అందులో పోసుకుంటామని, అంతకుమించి దానికి పనేమీ లేదని చాలాకాలం అనుకున్నారు. 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్‌ని కనిపెట్టింది. "నిల్వ చాలినంత ఉంది" అని మెదడుకి కబురు పంపే హార్మోన్ అది. దాన్ని తయారు చేసేది కొవ్వే. అంటే కొవ్వు కూడా థైరాయిడ్‌లాగా ఒక గ్రంథే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మూత్రపిండాల మీద టోపీల్లా రెండు ఎడ్రినల్ గ్రంథులుంటాయి. కార్టిసాల్ అనే స్టెరాయిడ్ హార్మోన్ వాటిలోంచే వస్తుంది. అది లేకపోతే మనిషి బతకడు, ఎక్కువైతే షుగరు, బీపీ, పొట్ట పెరుగుతాయి. దీనికి కార్టిసోన్ అని ఒక జోడీ ఉంది. కార్టిసోన్ వడ్లు, కార్టిసాల్ బియ్యం అనుకోండి. వడ్లు బస్తాలకొద్దీ ఉన్నా మర పట్టిస్తేనే కదా అన్నం వండుకునేది. ఒంట్లో ఆ మర పట్టే పని చేసేది ఒక ఎంజైమ్. ఆ మిల్లు కాలేయంలో ఉంది, కొవ్వులోనూ ఉంది.

పేగుల మీద దుప్పటిలా వేలాడే కొవ్వు పొర ఒకటుంటుంది. అక్కడి కొవ్వు కణాల్లో ఈ మిల్లు చర్మం కింది కొవ్వులో కంటే గట్టిగా ఆడుతోందని 1997లో బర్మింగ్‌హామ్ డాక్టర్లు చూపించారు. 2001లో ఇంకో బృందం ఎలుకల్లో ఒక్క కొవ్వులోనే ఆ మిల్లు జోరు పెంచి చూసింది. వాటికి పొట్టలొచ్చాయి, షుగరొచ్చింది. ఆశ్చర్యమేమిటంటే రక్తంలో ఆ హార్మోన్ పెరగనే లేదు. పొట్టలో మర ఆడుతున్న సంగతి రక్త పరీక్షకి అందలేదన్నమాట. ఆ మిల్లుని ఆపే మందుల కోసం చాలా కంపెనీలు ప్రయత్నించాయి. షుగరు కొద్దిగా తగ్గింది కానీ, అనుకున్నంత ఫలితం రాలేదు.

ఇది లోపలి స్టెరాయిడ్. బయట నుంచి వచ్చేదాని గురించి చెప్పకుండా నేను ఇక్కణ్ణుంచి వెళ్ళలేను.

కిందటేడు యాభై దాటిన ఒకావిడ వచ్చారు. ముఖం గుండ్రంగా ఉబ్బి ఉంది. పొట్ట మీద వంకాయ రంగు చారలు. గాజులు తగిలిన చోటల్లా చర్మం కమిలి మచ్చలు పడ్డాయి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేకపోయారు. ఆవిణ్ణి చూస్తే ఒంట్లో కార్టిసాల్ పొంగి పొర్లుతోంది అనిపిస్తుంది. పొద్దున్నే రక్తం తీసి చూస్తే దాదాపు లేదు! "ఏం మందులు వాడుతున్నావమ్మా?" అని అడిగితే చెంగు ముడి విప్పి పేపరు పొట్లం తీశారు. మోకాళ్ళ నొప్పులకి రెండేళ్ళుగా వాడుతున్నారట. మూడు రంగుల బిళ్ళలు, పేరు లేదు, ఊరు లేదు. వాటి వెనక ఉన్నది స్టెరాయిడే. బయట నుంచి రోజూ వచ్చి పడుతుంటే సొంత గ్రంథులు నిద్రపోయాయి.

అలాంటి పొట్లం మీ ఇంట్లో ఉంటే భయపడి రేపు పొద్దున్నే ఆపేయకండి. నిద్రపోయిన గ్రంథి ఒక్కరోజులో లేవదు. బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. కొద్దికొద్దిగా తగ్గించాలి, అదీ డాక్టరు చూస్తుండగానే. ఆవిడకి దాదాపు ఏడాది పట్టింది.

అలాగని స్టెరాయిడ్ అనగానే విషమనుకోకండి. ఎడ్రినల్ హార్మోన్ల మీద పనికి 1950లో నోబెల్ ఇచ్చారు. కరోనాలో ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చినవాళ్ళలో చాలామందిని రోజుకి 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ అనే స్టెరాయిడే కాపాడింది. పిల్లాడికి ఆయాసానికి డాక్టరు రాసిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మానిపించకండి.

ఆడవాళ్ళకి ఒక్క మాట. ముట్లు ఆగాక అండాశయాలు ఈస్ట్రోజెన్ తయారీ దాదాపు మానేస్తాయి. అప్పుడు కొవ్వే ఆ పని అందుకుంటుంది. కొవ్వు ఎక్కువైన కొద్దీ ఈస్ట్రోజెన్ ఎక్కువ, దాంతోపాటే గర్భసంచి లోపలి పొరకి కేన్సర్ ముప్పూ ఎక్కువ. ముట్లు పూర్తిగా ఆగిన ఏడాది తర్వాత ఒక్క చుక్క ఎర్ర కనబడినా "వేడి చేసిందిలే" అనుకుని ఊరుకోకండమ్మా. ఆ వారంలోనే చూపించుకోండి.

బల్ల మీద టేపులు పెట్టాం. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, ఊపిరి వదిలాక కొలవాలి, పొట్ట లోపలికి లాగకూడదు. మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 హద్దు. ఆడవాళ్ళకి పక్క గదిలో సిస్టరుగారు కొలుస్తారు. గుమ్మం దగ్గర అడిగిన పెద్దాయన ముందు రండి. నొప్పుల పొట్లాలున్నవాళ్ళు ఇంటికెళ్ళి తెచ్చుకోండి, చీకటి పడేదాకా నేను ఇక్కడే ఉంటాను.