రాత్రి పట్టుబడికి ఎవరు వెళతారు? పై పదవికి మహిళల దారి మూసుకుపోయే చోటు

[తెర మీద: భీమవరం పరిసరాల్లో రొయ్యల చెరువు. గట్టు మీద ఐసు లారీ, దీపాల వెలుగులో వల లాగుతున్న కూలీలు.]

వ్యాఖ్యాత: గోదావరి డెల్టాలో రొయ్యల పట్టుబడి చాలావరకు రాత్రి మొదలై తెల్లవారేసరికి ముగుస్తుంది, ఎందుకంటే ఎండెక్కితే సరుకు పాడై ధర పడిపోతుంది. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతున్నాయో చూసి కౌంటు తేల్చడం, రైతుతో ధర ఖాయం చేయడం, ఐసు సరిపోయిందో లేదో చూసుకుని లారీని ప్రాసెసింగ్ ప్లాంటుకు పంపడం, ఇవన్నీ రొయ్యలు కొని ఎగుమతి చేసే సంస్థల కొనుగోళ్ల విభాగం ఆ గట్టు మీదే చేసే పనులు. 40 కౌంటు సరుకుకూ 50 కౌంటు సరుకుకూ ధర వేరు కనుక, తూకం దగ్గర నిలబడి బేరమాడిన వారికి వ్యాపారం లోతుపాతులు తెలుస్తాయి. ఆ సంస్థల్లో జనరల్ మేనేజరు పదవికి పేర్లు పరిశీలించినప్పుడు ఆ అనుభవానికే బరువెక్కువ.

[తెర మీద: పీలింగ్ షెడ్డు. తలలకు టోపీలు, చేతులకు తొడుగులు, బల్లల వెంట మహిళలు.]

ప్లాంటు లోపల రొయ్యల తల తీసి పొట్టు ఒలిచే బల్లల దగ్గర అత్యధికులు మహిళలే. నాణ్యత విభాగంలోనూ చదువుకున్న యువతులు కనిపిస్తారు. అలాంటి ఒక క్వాలిటీ మేనేజరును ఊహించుకుందాం. ఎగుమతికి సిద్ధమైన సరుకులో యాంటీబయాటిక్ అవశేషాలు లేవని నిర్ధారించి సంతకం చేసేది ఆమే. తనను కొనుగోళ్ల విభాగానికి మార్చమని ఆమె అడిగితే, "రాత్రిపూట చెరువుల మీద తిరగడం మీకెందుకు మేడమ్, ఇబ్బంది పడతారు" అని జవాబు వస్తుంది. ఆ మాటలో ద్వేషమేమీ లేదు, పైగా ఆదరణ ఉంది. కనుకనే దానిని వివక్షగా గుర్తించడం ఆమెకు సైతం కష్టమవుతుంది. కొన్నేళ్ల తరవాత పదోన్నతి దస్త్రంలో "కొనుగోళ్ల అనుభవం లేదు" అని రాస్తారు. ఎందుకు లేదన్న సంగతి మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు.

పాత చట్టంలోనే ఒక విచిత్రం ఉండేది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షను మహిళలకు రాత్రి పనిని నిషేధిస్తూనే, చేపలను ఎండబెట్టే, డబ్బాల్లో నింపే కర్మాగారాల్లో ముడిసరుకు చెడిపోకుండా ఉండేందుకు అవసరమైతే మినహాయింపు ఇవ్వవచ్చని రాష్ట్ర ప్రభుత్వాలకు వెసులుబాటు కల్పించింది. సరుకు కుళ్లిపోతుందంటే మహిళల చేతులకు రాత్రి అడ్డం కాలేదన్నమాట. బేరం కుదిర్చే కుర్చీ దగ్గరికి వచ్చేసరికే రాత్రి ప్రమాదకరంగా కనిపిస్తోంది! 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, మహిళ సమ్మతి ఉండి, యజమాని భద్రతా ఏర్పాట్లు చేసినప్పుడు రాత్రి పనికి అవకాశమిచ్చింది. సమ్మతి తెలపవలసింది ఆమె. ఆమె బదులు పై అధికారి జాలిపడి నిర్ణయించడం కాదు.

సైన్యంలోనూ తగవు ఇదే. మహిళా అధికారులను కార్యాలయ బాధ్యతలకే పరిమితం చేసి, దళాలకు నాయకత్వం వహించే పదవులకు అసలు పరిశీలించకపోవడం చెల్లదని 2020 ఫిబ్రవరిలో బబితా పునియా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

[తెర మీద: వార్షిక పనితీరు నివేదిక ఫారం, "వ్యాఖ్యలు" అన్న గడి దగ్గరగా.]

ఇక మాటల సంగతి. గట్టిగా మాట్లాడిన పురుషుడు "సమర్థుడు" అవుతాడు, అదే పని చేసిన మహిళకు "దురుసు మనిషి" అన్న పేరు మిగులుతుంది. అమెరికాలో ప్రైస్ వాటర్‌హౌస్ అనే అకౌంటింగ్ సంస్థలో ఆన్ హాప్కిన్స్‌ను భాగస్వామిగా చేర్చుకునేందుకు 1982లో ప్రతిపాదించారు. ఆ ఏడాది 88 మంది అభ్యర్థుల్లో మహిళ ఆమె ఒక్కరే. పెద్ద కాంట్రాక్టు సాధించిపెట్టిన ఆమెను పక్కన ఉంచారు. నాజూకుతనం నేర్పే శిక్షణకు వెళ్లాలని ఒక భాగస్వామి అభిప్రాయపత్రంలో రాశారు. 1989లో అక్కడి సుప్రీంకోర్టు, ఆడవారు ఫలానా తీరుగానే ఉండాలన్న ఊహతో పదోన్నతి నిరాకరించడం లింగ వివక్షేనని స్పష్టం చేసింది. ఆ మాటలు కాగితం మీద ఉండడం వల్లే ఆమెకు ఆధారం దొరికింది. మన దగ్గర ఇలాంటివి టీ తాగుతూ అనేసి ఊరుకుంటారు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ, నోటితో అడిగింది ఆఫీసులో నిలవదు. కనుక ఆ క్వాలిటీ మేనేజరు తన కోరికను లేఖగా ఇవ్వాలి: కొనుగోళ్లకు మార్చమని కోరుతున్నాను, వాహనమూ తోడుగా మరొక సిబ్బందీ ఉంటే రాత్రి విధులకు నాకు సమ్మతి. నిరాకరిస్తే కారణం రాసి ఇమ్మని మర్యాదగానే అడగాలి. కారణం రాయవలసి వచ్చినప్పుడు చాలామంది అధికారులు మరోసారి ఆలోచిస్తారని నా అభిప్రాయం.

నియమాన్ని పట్టుకుని నిలబడితే ఎదుట ఎంతటివారున్నా వెనక్కి తగ్గనక్కరలేదు. రాజమహేంద్రవరంలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్, 1923 కాకినాడ కాంగ్రెస్ సభల సందర్భంగా ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను ఆపారు. అప్పటికామె పద్నాలుగేళ్ల బాలిక. టికెట్టు లేనిదే ఎవరినీ పంపవద్దన్న ఆదేశమే ఆమెకు అండ.

[తెర మీద: రైతుల పేర్లు, చెరువుల విస్తీర్ణం రాసిన రిజిస్టరు.]

యాజమాన్యాలు చేయవలసింది ప్రసూతి సెలవు దగ్గర బయటపడుతుంది. 2017 సవరణతో ఆ సెలవు మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలైంది. అయితే కొనుగోళ్లలో అసలు ఆస్తి రైతులతో ఏర్పడిన నమ్మకం. కొనుగోళ్లలో పనిచేసే మహిళ సెలవులో ఉండగా ఆమె చూసుకునే రైతులను మరొకరికి శాశ్వతంగా అప్పగిస్తే, తిరిగి వచ్చినప్పుడు హోదా ఉంటుంది గానీ పని ఉండదు. అందువల్ల ఏ గ్రామాల రైతులను, ఎవరికి, ఏ తేదీ వరకు తాత్కాలికంగా అప్పగిస్తున్నారో సెలవు మంజూరు చేసే ఉత్తర్వులోనే రాసి, ఆ ప్రతిని ఆమెకూ, ఆ స్థానంలోకి వచ్చే ఉద్యోగికీ ఇవ్వాలి.